బొట్టు పెట్టిన కార్డు

జర కూసో బిడ్డా, ఆ ఫోన్ పక్కకు పెట్టి సక్కగ విను. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలె.

కరోనా పోయిన మరుసటేడు. గద్వాలల మన పాత స్టాంపుల దుకాణంల మీ తాత పోయినంక నేనొక్కదాన్నే కూసుంటుంటి. పాత స్టాంపులు, ఉత్తరాలు కొని హైదరాబాద్ హర్రాజుకు పంపుతుంటి. ఒక్కో దినం పొద్దుగూకేదాంక మాట్లాడనీకె మనిషే రాకపోతుండె.

ఒకనాడు వానల వీపనగండ్లకెల్లి సాయమ్మ అని నా ఈడు ఆమె వచ్చింది. కొంగు ముడి ఇప్పి ఒక పోస్టుకార్డు తీసింది. పెండ్లయిన కొత్తల ఆమె పెనిమిటి డ్యామ్ పనికి వలస పోయి, ఆడికెల్లి రాసిండంట. గదొక్కటే. మల్ల మనిషి రాలే, సచ్చిండన్న కబురూ రాలే.

"ఇల్లు కురుస్తుందక్కా. దీనికి పైసలొస్తె రేకులేసుకుంట," అన్నది.

కార్డు చూస్తే నాకు పానం లేచొచ్చింది. డ్యామ్ పనైపోంగనే ఆ క్యాంపు పోస్టాఫీసు మూసేసిన్రు. గసొంటి పోస్ట్‌మార్క్, అంటే పోస్టాఫీసోళ్లు కొట్టే గుండ్రటి నల్లముద్ర, దొరుకుడు కష్టం. స్టాంపు కన్న దానికే ఎక్కువ పాడుతరు. కని ఆ ముద్ర మీదనే పసుపు, కుంకుమ దట్టంగ ఉండె.

"ఏంది సాయమ్మా, గిట్ల జేసినవ్?"

"దసరకు కొడవలికి, పారకు పెడ్తం గదక్కా. దీనికి గూడ పెడ్త. గుండ్రంగ ఉంటె గదే నొసలనుకున్న."

హర్రాజాయనకు ఫోటో పంపిన. "ముద్ర కనిపిస్తే మంచి ధర పలుకుతుందమ్మా, శుభ్రం చేసి పంపండి," అన్నడు ఫోన్ల. నేను మెత్త బ్రష్ తీసిన. సాయమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

"ఏంజేస్తున్నవక్కా?"

"బొట్టు తుడుస్త. కార్డుకేం కాదు."

నా బోసి నొసటి దిక్కు చూసింది. ఆమె నొసట పావలంత బొట్టు.

"ఆయన పోయిండని నాకెవ్వరు చెప్పలే. ఎట్ల తుడ్వనిస్త?"

"మరి రేకులు?"

"కురవనీ. కురిసిన కాడ గిన్నె పెట్టుకుంట. ఒక్కసారి సదివి పెట్టక్కా, మా ఇంట్ల సదివేటోళ్లు లేరు."

సదివిన. బర్రెను అమ్ముకోకు, జొన్న కోతకల్లా వస్త అని రెండే ముక్కలు. కార్డు మల్ల కొంగుకు కట్టుకొని వానలనే బస్టాండుకు పోయింది. నేను ఆ బ్రష్ మల్ల డబ్బల పెట్టిన.

అప్పటిసంది దుకాణంకు ఏ కాయితం వచ్చినా, తుడిసే ముందుగాల ఈ మచ్చ ఎవరు పెట్టిన్రని అడుగుత. గదే నేను నేర్సుకున్నది. ఆమె మల్లొచ్చిందా అంటవ్? రాలే. దసర వచ్చినప్పుడల్లా అనుకుంట, ఆ కురిసే ఇంట్ల ఒక్కతే కూసొని, కార్డు ముందట పెట్టుకొని, ఆ గుండ్రటి నొసటికి— గదో, మీ అమ్మ పిలుస్తుంది.

"అత్తా, బువ్వ సల్లారుతుంది, లెవ్వు!"