మరమగ్గాల గొంతు

అతనిది పుట్టుకతోనే పెద్ద గొంతు. దానికి మరమగ్గాల షెడ్డు తోడైంది. ముప్ఫై ఏళ్లు ఆ హోరులో అరిచి అరిచి అదే అలవాటైపోయింది. ఇంట్లో ఉప్పందుకోమన్నా గొడవేమోనని పక్కింటివాళ్లు తొంగిచూసేవారు. అరుపు తిట్టయింది, తిట్టు చెయ్యెత్తేదాకా వెళ్లింది. చివరికి భార్య కూతురింటికి వెళ్లిపోయింది.

నెల తిరిగేసరికి వంట చేతకాక, ఒంటరితనం ఓర్వలేక, ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంటికి రావే. గొంతు పుట్టుకతో వచ్చింది, అరుపు షెడ్డు నేర్పింది. నేనేం చేసేది?"

ఆమె మనవరాలిని భుజాన వేసుకుని జోకొడుతోంది.

"అదే షెడ్డులో మేస్త్రీ ముందు పిల్లిలా మాట్లాడేవాడివి కదయ్యా! క్యారియర్ తెచ్చినప్పుడల్లా చూశాను. అప్పుడా గొంతు ఎక్కడ దాచేవాడివి?"

 

ఆమె తలుపు వేసుకుంది.