దస్తర్‌ఖాన్ మీది ఇంగ్లీషు

మా మనవరాలికి కాల్ సెంటర్‌లో ఉద్యోగం కావాలట. ఇంగ్లీషు వినడం నేర్పే క్యాసెట్టు ఒకటి కొనుక్కొచ్చింది. మొన్న పొద్దున ఏ.ఎస్. రావు నగర్‌లోని మా ఇంట్లో నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, పక్క గదిలోంచి పళ్ళేల మీద చెంచాలు తగిలే చప్పుడు వినిపించింది. ఎవరో అమ్మానాన్నా పిల్లలూ తింటూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. గిన్నె ఇటు జరపమంటున్నారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. "ఆపవే దాన్ని!" అని కేకేశాను. అది బిత్తరపోయి, "ఏమైంది నానమ్మా? ఇంట్ల మాట్లాడుకునే మాటలు వింటేనే ఇంగ్లీష్ మంచిగ వస్తదట" అంది. నాకు తెలియదూ! ఆ విద్య నాకు యాభై ఏళ్ళ కిందటే అబ్బింది. దాన్ని పట్టుకునే ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని జీతం తిన్నాను. నేర్పిన మనిషి గురించి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకు ముఖముంటే కదా.

ఆయన పేరు మదార్ సాబ్. సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్‌లో, మా గోడకు అవతలి ఇల్లు వాళ్ళది. మిలిటరీ వాళ్ళ టెలిఫోన్లు కలిపే పని ఆయనది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం కనుక ఇంట్లో తెలుగే, మధ్యమధ్య ఉర్దూ. మా నాయన దర్జీ, దొరల బట్టలు కుట్టేవాడు. నేను మెట్రిక్ దాకా చదివి, దుకాణంలో గుండీలు కుట్టేదాన్ని. పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు గడగడా చదివేదాన్ని గానీ అదే మనిషి నోట్లోంచి వస్తే ఒక్క ముక్క అంతుపట్టేది కాదు. ఒకసారి ఒక దొరసాని గౌను తెచ్చి నా చేతిలో పెట్టి, "టేక్ ఇట్ ఇన్" అని చెప్పి పోయింది. లోపలికి తీసుకెళ్ళమంది కాబోలనుకుని తీసుకెళ్ళి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. నడుము దగ్గర కొంచెం బిగించి కుట్టమని ఆవిడ గోల. వారం తరువాత వచ్చి ఆవిడ చేసిన రభసకు బజారంతా పోగయింది. మదార్ సాబ్ పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక కళ్ళు తుడుచుకుని మా నాయనతో, "పిల్లకు కండ్లున్నయి, చెవులు లేవు. రోజు మేం తినే యాళ్లకు పంపు. మాట్లాడొద్దు, ఉత్తగ వినాలె, అంతే" అన్నాడు.

ఆయన ఇంట్లో ఒక కట్టడి ఉండేది. అన్నం కోసం నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది మొదలు దాన్ని మడిచేదాకా ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగు మాట దొర్లితే వాళ్ళకు ఆ పూట పచ్చడి లేదు. ఆయన భార్య చాంద్ బీ నాలుగు రోజులకు ఒకసారైనా పచ్చడి పోగొట్టుకునేది. ఉప్పు కావాలంటే ఆయన ఇవాళ అడిగినట్టు రేపు అడిగేవాడు కాదు. ఒకరోజు ముక్తసరిగా, ఒకరోజు బతిమాలుతూ, ఒకరోజు దొర కోపంగా అరిచినట్టు అడిగేవాడు. కొత్త మాట ఉంటే, గుడ్డ పరిచేముందే, "ఇయ్యాల మనింటికి చుట్టం వచ్చిండు" అని, దాన్ని ఆ పూట అందరి నోళ్ళలోంచీ నాలుగైదు సార్లు తిప్పించేవాడు. నేను గడప దగ్గర స్టూలు మీద కూర్చుని వినేదాన్ని. అక్కడ ముద్ద ముట్టొద్దని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. నేనూ ముట్టలేదు. "తినని పిల్లను ఎదురుంగ కూసోబెట్టుకుంటే నాకు ముద్ద ఎట్ల దిగుతదయ్యా?" అని చాంద్ బీ బాధపడేది, పచ్చడి పోతుందని తెలిసి కూడా తెలుగులోనే. ఆ ఇంటి మాటలన్నీ మూటకట్టుకున్నాను, మెతుకు మాత్రం ముట్టలేదు. ఎంత గొప్ప ఆచారం మాది!

భోజనం మధ్యలో కుండలో నీళ్ళు అయిపోతే ఆయన, "ఎనీ వాలంటీర్స్?" అని అడిగేవాడు. వీధి కొళాయికి పోయేది ఎప్పుడూ పెద్దకొడుకు యాకూబే. రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుంటున్నాడు. పొద్దంతా ఇనుముతో కుస్తీపట్టి వచ్చి కూడా, తండ్రి నోట్లో మాట నోట్లో ఉండగానే బిందె పట్టుకుని లేచేవాడు. ఆ మాటకు అర్థమేమిటని ఒకరోజు నేను గుడ్డ మడిచాక అడిగాను. "ఎవరు చెప్పకున్నా, కూలి అడగకుండ, పనికి లేచెటోడు. ఉర్దూల రజాకార్ అంటరు" అన్నాడు మదార్ సాబ్. నేను ఉలిక్కిపడ్డాను. ఆ పేరు వింటేనే ఊళ్ళకు ఊళ్ళు తలుపులు మూసుకుంటున్న రోజులవి. ఆయన నిట్టూర్చి, "మాట మంచిదే బిడ్డా. దాన్ని మోసేటోళ్ళే చెడగొట్టిన్రు" అన్నాడు. రజాకార్లు వచ్చి యాకూబ్‌ను తమలో కలవమంటే, "మా ఇంట్ల నీళ్ళు మోయనీకే వాడు సరిపోతలేడు" అని సాగనంపిన మనిషి ఆయన. వాళ్ళు మా వీధిలో కర్రలు పట్టుకుని తిరిగిన రెండు రోజులూ యాకూబ్ మా దుకాణం మెట్టు మీదే కూర్చున్నాడు. అందుకే మా జోలికి ఎవరూ రాలేదు.

పోలీస్ యాక్షన్ అయిపోయాక, యాకూబ్ మీద ఎవరో పెట్టిన ఫిర్యాదు పట్టుకుని ఒక దర్యాప్తు ఆఫీసరు మా వీధికి వచ్చాడు. మలయాళపు మనిషి, తెలుగూ రాదు, ఉర్దూ రాదు. వీధివాళ్ళ నోటనే సూటిగా వినాలని, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని గుమాస్తా చేత అడిగించాడు. మదార్ సాబూ యాకూబూ అప్పటికి పనికి పోయి ఉన్నారు. మా నాయన ఛాతీ పొంగించుకుని నన్ను ముందుకు తోశాడు. "చెప్పు బిడ్డా, మనోళ్ళ గురించి మంచిగ చెప్పు" అన్నాడు. అంతకాలం మూసుకున్న నోరు నాది, మొదటిసారి ఒక ఆఫీసరు ముందు తెరిచాను. యాకూబ్ ఎలాంటివాడని అడిగాడు. చాలా మంచివాడండీ, అతనెప్పుడూ వాలంటీరే అన్నాను ఇంగ్లీషులో. ఆఫీసరు కలం ఆగింది. ఎప్పుడూనా అన్నాడు. అవునండీ, ప్రతిరోజూ, ఎవరూ అడగకముందే లేస్తాడు అన్నాను. నీ ఇంగ్లీషు చాలా బాగుంది, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. వాళ్ళింట్లోనే అని గర్వంగా చెప్పాను.

ఆ రోజుల్లో ఇంగ్లీషు కాగితాల్లో రజాకార్లను వాలంటీర్లనే రాసేవారు. అది నాకు తెలియదు, నిజం. కానీ ఆఫీసరు పక్కన కూర్చున్న గుమాస్తా జవాను వైపు వంగి, "రజాకారేనట. వాళ్ళింట్ల నేర్చుకున్న పిల్లే చెప్తుంది" అని గొణిగాడు. అది నేను విన్నాను. వినడం నేర్చుకున్న చెవులు కదా, ఎలా వినబడకుండా ఉంటుంది! నీళ్ళండీ, కొళాయి నీళ్ళు తేవడానికండీ అని చెప్పడానికి మూడు మాటలు చాలు. మూడూ నాలుక మీదే ఉన్నాయి. ఆఫీసరు ఇంకా నా వైపు మెచ్చుకోలుగా చూస్తున్నాడు. మా నాయన మురిసిపోతున్నాడు. తప్పు చెప్పానంటే ఆ మెప్పు పోతుంది, పైగా వాళ్ళను వెనకేసుకొస్తున్నావేమని నన్ను అడుగుతారు. భయపడ్డానని ఇన్నేళ్ళూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. భయం సగమే. మిగతా సగం ఆ పొగడ్త తీపి. ఛీ, ఏం మనిషిని!

యాకూబ్‌ను ఆ పూటే తీసుకుపోయారు. పదకొండు నెలల తరువాత వదిలిపెట్టారు. కుడివైపు నుంచి పిలిస్తే పలికేవాడు కాదు, ఆ చెవి పోయింది. వర్క్‌షాపు వాళ్ళు మళ్ళీ రానివ్వలేదు. మదార్ సాబ్ ఇంట్లో ఇంగ్లీషు ఆగిపోయింది. గోడకు ఇవతల కూర్చుంటే పళ్ళేల చప్పుడే వినిపించేది, మాట వినిపించేది కాదు. నేను ఆ గడప తొక్కలేదు. "ఊకో, మనకెందుకు" అన్నాడు మా నాయన, రెండు రోజులు తన మెట్టు మీద కాపలా కూర్చున్నవాడి గురించి.

చివరికి వాళ్ళు చాంద్ బీ పుట్టిల్లు కర్నూలుకు బయలుదేరారు. వెళ్ళేముందు మదార్ సాబ్ మా దుకాణానికి వచ్చాడు. ఎక్స్‌ఛేంజిలో తనకు తెలిసిన అధికారికి నా గురించి రాసిన ఉత్తరం తెచ్చాడు. ఎప్పుడూ లేనంత మెల్లగా నాతో మాట్లాడాడు. "నువ్వు పరేషాన్ గాకు బిడ్డా. నువ్వు చెప్పింది మంచి మాటే. విన్నోడు తప్పు విన్నడు. మా వాని ఖర్మకు నువ్వేం జేస్తవ్?" తప్పు విన్నాడని నాకు అప్పుడే తెలుసు సాబ్ అనాలి. అనలేదు. రెండు చేతులతో ఉత్తరం అందుకుని, "థాంక్యూ, సర్" అన్నాను. "శభాష్, సాఫ్‌గ వచ్చింది" అని నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

ఆ ఉత్తరంతోనే నాకు ఉద్యోగం వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్న ముప్ఫై ఏళ్ళలో కర్నూలు కాల్ వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, అవతలిది ఆయన గొంతేమోనని వినేదాన్ని. క్షమించమని అడగడానికి కాదు. ఆయనే అయితే లైను పక్క సీటు అమ్మాయికి ఇచ్చేయడానికి.