నా ఫిర్యాదు పరిష్కారమైంది

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాఫీసులో ఉత్తరాలు రాసి బతికాను. ఉత్తరాలంటే ప్రేమలేఖలు కావు. "పై విషయమునకు సంబంధించి" అని మొదలై "తగు చర్య నిమిత్తం" అని ముగిసేవి. నా డ్రాఫ్టు మీద పై అధికారి ఎర్ర సిరా పడితే ఆ పూట అన్నం సయించేది కాదు. రిటైరయ్యాక ఆ జబ్బు తగ్గలేదు సరికదా, ముదిరింది. మా గల్లీలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నేనే రాసేవాణ్ణి. అడక్కపోయినా రాసేవాణ్ణి.

మా గల్లీ అబిడ్స్ వెనకాల, గన్‌ఫౌండ్రీ వైపు ఉంటుంది. బందరు వాడైన మా నాన్న యాభై ఆరులో ఉద్యోగంతో పాటు వచ్చి ఇక్కడ దిగాడు. నేను ఈ గల్లీలోనే పుట్టాను. అయినా నేను నోరు విప్పితే చాలు, "ఆంధ్ర నుంచి ఎప్పుడొచ్చిన్రు సార్?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా భార్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నేనూ, నా పెన్నూ.

గల్లీ మొదట్లో ఒక ఇడ్లీ బండి. దాన్ని నడిపే ఆవిడ తెల్లారేసరికి వచ్చేది, పదకొండుకల్లా గిన్నెలు కడిగేసేది. ఇడ్లీలు పెట్టడం ఆవిడ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. ఎదురుగా వచ్చే స్కూటర్లను ఆపేది, ఎవరి కారు ఎవరి గేటుకి అడ్డం పెట్టకూడదో చెప్పేది, చెత్తబండి వస్తే పై అంతస్తులకి కేకేసేది. నాలుగిళ్ళ తాళంచెవులు ఆవిడ డబ్బాలోనే ఉండేవి. వార్డు ఆఫీసూ, పోలీసు స్టేషనూ కలిసి చెయ్యాల్సిన పని ఒక గరిటెతో చేసేది.

బండి పక్కనే మ్యాన్‌హోల్. దాని మూత పగిలి మూడు నెలలయింది. ఆవిడ ఒక విరిగిన ప్లాస్టిక్ స్టూలు తెచ్చి దాని మీద బోర్లించి, ఎర్ర గుడ్డ కట్టింది. ఎవరైనా ఫోను చూసుకుంటూ అటు నడిస్తే, "ఓ అన్నా! కింద జూడు, జర!" అని అరిచేది. ఆ కేకకి రోజుకి పదిమంది కాళ్ళు మిగిలేవి.

ఇది చూసి నాలోని గుమాస్తా ఊరుకోలేదు. వార్డు ఆఫీసు వాళ్ళకి ఫోనులో ఫిర్యాదు చేసే పద్ధతి వచ్చిందని విని, ఒక ఆదివారం కూర్చుని మూడు పేరాలు రాశాను. "సామాన్య ప్రజానీకం పడరాని పాట్లు పడుచున్నారు" అన్న వాక్యం దగ్గర నన్ను నేనే మెచ్చుకున్నాను. ల్యాండ్‌మార్క్ రాయనిదే ఫారం కదలనన్నది. ఈ ఊళ్ళో ఇంటి నంబరు చెబితే ఎవడూ రాడు, ఫలానా హోటలు పక్కన అంటేనే వస్తాడు. "గల్లీ మొదట్లో ఇడ్లీ బండి" అని రాశాను. ఫొటో కూడా కావాలంది. మోకాళ్ళ నొప్పి, వంగలేను. ఎండ కళ్ళల్లో కొడుతోంది. రోడ్డుకి అవతల నిలబడి, తెర మీద ఏం పడిందో చూడకుండానే ఒకటి నొక్కి పంపేశాను.

మంగళవారం పొద్దున మున్సిపాలిటీ వాళ్ళ డీసీఎం వ్యాను వచ్చింది. నలుగురు దిగారు. బండి ఎత్తారు, పొయ్యి ఎత్తారు, గిన్నెలు ఎత్తారు, కాలిబాట మీద వస్తువే కదా అని మ్యాన్‌హోల్ మీది స్టూలు కూడా ఎత్తారు. నేను పరిగెత్తలేక పరిగెత్తి వెళ్ళేసరికి వ్యాను మెయిన్ రోడ్డెక్కుతోంది, గల్లీవాళ్ళెవరూ చుట్టుపక్కల లేరు.

"అయ్యా! నేను మ్యాన్‌హోల్ గురించి కదా రాసింది!"

"మేం ఫోటో జూసి పని జేస్తం సార్. ఫోటోల బండి ఉంది, ల్యాండ్‌మార్క్‌ల బండి ఉంది. రాసిందంత ఎవలు చదువుతరు?"

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నన్ను ఇంత మాట అన్నవాడు లేడు. పది నిమిషాల్లో ఫోనుకి మెసేజి వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, మీరు సంతృప్తి చెందారా?

మర్నాటికి గల్లీ గల్లీలా లేదు. రెండు కార్లు ఎదురెదురుగా ఇరుక్కుని గంటసేపు హారన్లు కొట్టుకున్నాయి. చెత్తబండి వచ్చింది, ఎవరికీ తెలియలేదు, వెళ్ళిపోయింది. మ్యాన్‌హోల్ మీద నేను మా ఇంటి కుర్చీ వేస్తే సాయంత్రానికి ఎవరో పట్టుకుపోయారు. చివరికి గొడుగు పట్టుకుని నేనే నిలబడ్డాను. "దయచేసి ఎడమ పక్కగా నడవండి" అంటే, ఏదో పార్టీ ప్రచారం అనుకుని జనం నా మొహం కూడా చూడలేదు.

వీటన్నిటికంటే పెద్ద గొడవ ఇంకొకటి. కంప్లయింట్ ఇచ్చిన ద్రోహి ఎవడు? పక్కింటాయనకి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం, నాలుగు తరాల హైదరాబాదీ. ఆయన రోజూ దుకాణానికి వెళ్తూ మా గేటు దగ్గర ఆగేవాడు.

"మన గల్లీలోడే చేసిండు సార్. దొర్కనియ్యి, వానితోని ఎవ్వలం మాట్లాడం. పండుగకు చందా గూడ తీస్కోం."

"మాట్లాడకపోవడం ఏవిటండీ, వెలివెయ్యాలి!" అన్నాను నేను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. నేను నా భుజాలు తడుముకోకుండా పక్కవాళ్ళ భుజాలు తడిమాను.

మూడోరోజు ఇడ్లీ బండి ఆవిడే మా ఇంటికి వచ్చింది. చేతిలో వెండర్ కార్డు.

"సారు, బండి ఇడిపియ్యనీకి అర్జీ గావాలె. గల్లీల మీ లెక్క రాసేటోళ్ళు ఎవలున్నరు? ఉస్మాన్‌గంజ్‌ల తెచ్చిన మినప్పప్పు ఇంట్ల మూట మీద మూట పడి ఉంది. బండి ఉంటేనే నాకు రోజు ఎల్లేది."

కుర్చీ వెయ్యబోతే వద్దని గుమ్మంలోనే నిలబడింది. నా ఫిర్యాదు మీద నేనే అర్జీ రాశాను. సిగ్గు ఎంత ఉన్నా అలవాటు ఆగలేదు, ఈసారి నాలుగు పేరాలొచ్చాయి.

ఆ అర్జీ పట్టుకుని వార్డు ఆఫీసుకి నేనే వెళ్ళాను. వార్డు ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. నిజంగా చదివింది.

"సార్, కంప్లయింట్‌ల 'సామాన్య ప్రజానీకం పడరాని పాట్లు' అని ఉంది. ఈ అర్జీల గూడ అదే ఉంది."

జన్మలో మొదటిసారి నా వాక్యాన్ని ఒకరు గుర్తుపట్టారు. అది సంతోషించాల్సిన సమయం కాదు. రెండూ నేనే రాశానని తల ఊపాను.

"వాపస్ తీస్కునే ఆప్షన్ లేదు సార్. శనివారం నాంపల్లి హాల్‌ల వార్డు మీటింగ్ ఉంది. కంప్లయింట్ ఇచ్చినోళ్ళు అందరి ముందట లేచి, బండితోని మాకు ఇబ్బంది లేదని చెప్తే మినిట్స్‌ల రాస్త. సోమవారం బండి ఇస్తరు. లేకుంటే కష్టం."

"అందరి ముందా?"

"ఔ సార్."

శనివారం దాకా నిద్ర లేదు. నేను లేవకపోతే ఆవిడ పొయ్యి వెలగదు. లేస్తే నాకు గల్లీ ఉండదు. పనిమనిషి రాని రోజు నన్ను పలకరించేవాళ్ళు ఆ గల్లీవాళ్ళే. జ్వరమొస్తే దవాఖానకి తీసుకెళ్ళేది ఆ బట్టల దుకాణం ఆయనే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక దశలో మీటింగుకి కడుపునొప్పి అని కబురు పంపుదామనుకున్నాను.

వెళ్ళాను. హాలు నిండా మా వాళ్ళే. పండుగల బందోబస్తు గురించి ఎస్సైగారు అరగంట మాట్లాడి, "గల్లీల శాంతి ఉండుడు మీ చేతుల్నే ఉంటది" అన్నారు. కార్పొరేటరు చప్పట్లు కొట్టించారు. ఒక్కొక్కరికి రెండు ఉస్మానియా బిస్కట్లు వచ్చాయి. నా బిస్కట్టు చాయ్‌లో విరిగి పడిపోయింది, తీసే ఓపిక లేదు.

"ఇడ్లీ బండి విషయం" అని ఆఫీసరమ్మాయి ఫైలు తెరిచి, ఫిర్యాదుతో వచ్చిన ఫొటోని గోడ మీది తెరకెక్కించింది.

అప్పుడే మొదటిసారి ఆ ఫొటోని నేను సరిగ్గా చూశాను. మ్యాన్‌హోల్ ఎక్కడా లేదు. మధ్యలో బండి. బండి పక్కన ఆవిడ, కొంగు సవరించుకుని, చక్కగా నిలబడి, తిన్నగా నా ఫోను వైపే చూస్తూ నవ్వుతోంది.

హాల్లో వెతికాను. చివరి వరసలో కూర్చుని ఉంది. తల వంచుకుంది.

లేచాను. "ఆ కంప్లయింటు నేనే ఇచ్చాను" అన్నాను. తరవాత మ్యాన్‌హోల్, ల్యాండ్‌మార్క్, మోకాళ్ళు, ఎండ, బండితో మాకు ఏ ఇబ్బందీ లేదన్న మాట, అన్నీ కలగాపులగంగా చెప్పాను. ముప్పై నాలుగేళ్ళలో అంత చెత్త డ్రాఫ్టు నా నుంచి రాలేదు. తరవాత బట్టల దుకాణం ఆయన, "వెలివెయ్యాలె అన్నది మీరే గద సార్!" అని పడీపడీ నవ్వాడు. ఆయన నవ్వితే హాలంతా నవ్వింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నవ్వుకి వచ్చాయని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను.

సోమవారం బండి వచ్చింది. ఆఫీసరమ్మాయి స్వయంగా నిలబడి మ్యాన్‌హోల్‌కి కొత్త మూత వేయించింది. రద్దీ తగ్గేదాకా ఆగి వెళ్ళాను. ఆవిడ ప్లేటులో రెండిడ్లీ వేసి, చట్నీ పోసి ఇచ్చింది.

"నీకు మొదటి రోజు నుంచే తెలుసు కదమ్మా?"

"ఔ సారు. ఫోటో దీస్తుంటె మంచిగ రావాలని నిలబడ్డ గద. బండి ఎత్తేటోళ్ళ ఫోన్ల అదే ఫోటో జూసిన."

"మరి గల్లీ అంతా ద్రోహిని వెతుకుతుంటే నా పేరు ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, కొత్త పిండి కలుపుతూ, ఆలోచించాల్సిందేమీ లేనట్టు అంది.

"చెప్తే ఏమైతుండె? అందరు మీతోని మాట బంద్ జేస్తుండ్రి. బండిదేముంది సారు, ఈడ కాకుంటే ఇంకో గల్లీల పెట్టుకుంట. మీరు ఏ గల్లీకి పోతరు?"

ఇంకో రెండు వెయ్యమని ప్లేటు చాపాను.