మిరప కల్లం వైపు తిరిగిన గొట్టం

బళ్లకు రంగులేసే స్ప్రే బూత్ కోసం పొల్యూషన్ బోర్డుకి దరఖాస్తు చేశాను. ఇవాళ వాళ్ల ఇంజనీరు గారు చూడటానికి వచ్చారు. ఫిల్టర్లు, మంటలార్పే సిలిండర్లు చూసి తలూపారు. నేను గర్వంగా బూత్ వెనక్కి తీసుకెళ్లి, రంగు గాలి బయటికి పోయే గొట్టం చూపించాను. అది సరిగ్గా పక్కనున్న మార్తమ్మ గారి మిరప కల్లం వైపు తిరిగి ఉంది!

ఆవిడ కాయలు తిరగేస్తూనే కేకేశారు. "అయ్యా, మా కాయలు ఎర్రగానే ఉన్నాయండీ! ఈ అబ్బాయి మళ్లీ రంగెయ్యక్కర్లా!"

ఇంజనీరు గారు పగలబడి నవ్వారు. "గొట్టం కప్పు మీదకి ఎత్తించండి. అనుమతికి రాసేస్తాను" అన్నారు.

సాయంత్రం వెల్డర్ గొట్టం ఎత్తుతుంటే మార్తమ్మ గారు కింద నుంచి, "ఇంకాస్త పైకి! అబ్బాయ్, నీ తొలి బండి మా ట్రాక్టరేనయ్యా" అన్నారు.

నిబంధనలన్నీ చదివాను గానీ, పక్క కల్లం చూసుకోలేదు. ఇంతకీ ఆ ట్రాక్టరుకి ఏ రంగు వేయమంటారు? ఎరుపు మాత్రం చెప్పకండి.