స్పానిష్ బళ్ళో నా బోణీ

“అత్తా, గుర్తెట్టుకో. పిల్లలు స్పానిష్‌లో అడిగితేనే సేప ఇయ్యాల. అడక్కపోతే ఇయ్యకూడదు.”

“నాకు తెల్దేటే? బుద్దెరిగిన కాడ నుంచి సేపలే కదా అమ్మతన్నాను.”

ఆ క్లాసు తలుపు తీయబోయే ముందు నేనూ మా మేనకోడలు లావణ్యా అనుకున్న ఆఖరి మాటలు ఇవి. ఆ తర్వాత కాసేపటికే దాని ఉద్యోగాన్ని చేపలతో పాటు బుట్టలో పెట్టి అమ్మేశాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. ఇది రాస్తున్నది కూడా లావణ్యే, నాకు సంతకం దాటి చేతకాదు.

లావణ్య మద్దిలపాలెంలో ఒక చిన్నపిల్లల బడిలో స్పానిష్ చెబుతుంది. ముక్కు చీదుకోవడం కూడా సరిగా రాని పిల్లలకు స్పానిష్ ఎందుకని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. నిరుడు బడి పెద్ద మేడంకూ అదే అనుమానం వచ్చింది. క్లాసుకి వచ్చి చూస్తాను, పిల్లలకు నాలుగు ముక్కలు వస్తే సరే, లేకపోతే ఆ గంట డాన్సు మాస్టారికి ఇచ్చేస్తాను అంది.

పసిపిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు వేస్తే వచ్చినవి కూడా మింగేస్తారట. పరీక్ష అన్న సంగతే వాళ్ళకు తెలియకూడదట. అందుకని మా పిల్ల తిండీ నిద్రా మానేసి ఒక చేపల బజారు ఆట కట్టింది. ఎరుపు, నీలం, పసుపు గుడ్డలతో చేపలు కుట్టింది. డబ్బులకు బదులు చింతగింజలు. పిల్లలు వచ్చి, రంగు పేరు చెప్పి, దయచేసి ఇవ్వండి అని స్పానిష్‌లో అడగాలి. అడిగిన వాళ్ళకు చేప, మేడం కాగితం మీద టిక్కు. మరి అమ్మేదెవరు? కంచరపాలెం మార్కెట్లో చేపలమ్మే మేనత్త ఉండగా ఇంకొకరెందుకు?

నా సంబరం మీరు చూసి తీరాలి. మా ఆయన పోయాక బీరువా దాటి రాని నీలం చీర బయటికి తీశాను. బుట్టకు షాంపూతో తలంటు పోశాను. రేపు రాను, స్పానిష్ బేరాలున్నాయని మార్కెట్టంతా చాటింపు వేశాను.

మర్నాడు క్లాసులో ముందుగా హర్ష అనే బుడతడు వచ్చాడు. చింతగింజ నా చేతిలో పెట్టి నోరు తెరిచాడు. పెద్ద మేడంను చూసి మూసేశాడు. ఆగమన్నట్టు లావణ్య కళ్ళెగరేసింది. ఆగేదాన్నే. కానీ అది బోణీ కదా. మీలో వ్యాపారం చేసే వాళ్ళుంటే చెప్పండి, చేతిలో డబ్బు పెట్టిన బోణీ బేరాన్ని వట్టి చేతుల్తో పంపుతారా? నా చెయ్యి నన్ను అడగలేదు. ఎర్ర చేప వాడికి ఇచ్చేసింది, పైన ఇంకోటి కొసరు కూడా వేసింది. నేను చింతగింజ కళ్ళకద్దుకున్నాను.

ఇక నేను బడిలో లేను, కంచరపాలెంలో ఉన్నాను. “రండమ్మా రండి, అయిపోతే మరి దొరకవు” అని కేకేశాను. తుఫాను కబురు విన్న పడవలు హార్బరులోకి దూరినట్టు పిల్లలంతా నా మీదికి వచ్చిపడ్డారు. వేలు చూపిస్తే చేప, నవ్వితే కొసరు. లావణ్య అత్తా, అత్తా అంటూనే ఉంది. బేరాల రద్దీలో చుట్టాల పిలుపు ఎవరికి వినిపిస్తుంది?

నా జన్మలో ఇంత తొందరగా సరుకు అమ్ముడుపోలేదు. బుట్ట బోర్లించి పెద్ద మేడంకు చూపించాను.

“మొత్తం అమ్మీసినానమ్మా. ఒక్కటి మిగల్లేదు.”

ఆవిడ తన కాగితం చూపించింది. అదీ నా బుట్టలాగే ఖాళీగా ఉంది.

“ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు, లావణ్యా.”

మా పిల్ల ముఖం ఐసులో పెట్టిన చందువా చేపలా తెల్లబోయింది. నా చెవుల్లో డాన్సు మాస్టారి గజ్జెలు మోగాయి. ఆ గజ్జెలు దానికీ వినిపించాయో ఏమో, గబుక్కున నా దగ్గరికి వచ్చింది.

“అత్తా, లెగు. బుట్ట అట్టుకో. ఇప్పుడు పిల్లలు అమ్ముతారు, నువ్వు కొనాల.”

సరిగ్గా అడిగితేనే ఇవ్వండి అని పిల్లలకు చెప్పింది. నేను రెండు జడల నిత్య దగ్గరికి వెళ్ళాను.

“అమ్మీ, ఆ ఎర్రది ఇలాగియ్యు.”

ఆ పిల్ల చేపను వీపు వెనక దాచేసింది. “అలా కాదు. రోహో అనాలి.”

“రోహో. ఇయ్యి మరి.”

“పొర్ ఫవోర్ అనలేదుగా.”

పోనీ నా బోణీ బేరమే నయమని హర్ష దగ్గరికి వెళ్ళాను. “నీకు అడక్కుండానే ఇచ్చినాను కదరా, బాబూ.”

వాడు తల అడ్డంగా ఊపాడు. “పెస్కాదో రోహో, పొర్ ఫవోర్” అని గది అదిరేలా అని, “ఇప్పుడు నువ్వను” అన్నాడు. ఇందాక నోరు పెగలని పిల్లాడు వీడేనా?

నేను నీలాన్ని పట్టుకుని పసుపన్నాను. పసుపుకి ఏమన్నానో నాకే తెలియదు. పిల్లలు నన్ను దిద్దడానికి ఒకరి మీద ఒకరు పడ్డారు. పెద్ద మేడం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ టిక్కులు కొట్టింది. స్పానిష్ క్లాసు నిలిచింది. చివరికి ఆవిడ నా బుట్టలోకి తొంగి చూసింది. ఒక్క చేపా లేదు.

“పిల్లలందరూ పాస్, లావణ్యా. ఈ ఒక్క అమ్మాయికి మాత్రం మళ్ళీ మొదటి పాఠం నుంచి చెప్పండి.”

కాబట్టి సముద్రం సాక్షిగా, షాంపూ పోసుకున్న నా బుట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బడి గడప లోపల ఇక బోణీ మాట ఎత్తను. నోరు విప్పని వాళ్ళకు చేప తోక కూడా ఇవ్వను. కొసరు అసలే వెయ్యను.

రాసినావేటే, లావణ్యా? ఏదీ, ఓపాలి సదివి ఇనిపించు. నాను సెప్పిందే రాసినావో, నువ్వు కూడా కొసరేసినావో సూద్దాం.