మా మేనమామ లొంగుబాటు

మొన్న సాయంత్రం టీవీలో కొత్త చొక్కాలు తొడిగిన కొందరిని వరసగా నిలబెట్టి, అధికారి ఒకాయన శాలువాలు కప్పుతుంటే చూడలేక టీవీ కట్టేశాను. వాళ్లు నిజంగానే అడవిలోంచి వచ్చినవాళ్లు కావచ్చు; నాకు మాత్రం మా మేనమామే కనిపించాడు.

పినపాక అవతల, అడవిని ఆనుకున్న ఊళ్లో మామది మిరప సేద్యం. నేను మణుగూరులో టీచరుగా చేరిన కొత్తలో సెలవు దొరికితే అక్కడికే పోయేదాన్ని. ఒకనాడు పొద్దున్నే పోలీసు జీపు వచ్చి, సంతకం పెట్టి వచ్చేద్దువుగాని అంటూ, కల్లంలో కాయలు ఎండబోస్తున్న మామను, ఇంకొందరు రైతులతోపాటు ఎక్కించుకుపోయింది. మర్నాడు పేపరు చూస్తే, తెల్లచొక్కాతో, మెడలో దండతో, బిక్కచచ్చిన ముఖంతో మామ. పైన పెద్దక్షరాల్లో, లొంగిపోయిన తీవ్రవాదులు అని. జన్మలో తుపాకి ముట్టినవాడు కాదు. పైవాళ్లకు చూపడానికి మనుషులు తక్కువపడ్డారట, అంతే.

ఆ చొక్కాను అత్త పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసింది గానీ, పడ్డ పేరును ఏం చేయగలదు? అడవిలోవాళ్లు వచ్చి, పోలీసులకు ఏమేం చెప్పావని నిలదీశారు. పోలీసులేమో వారం వారం స్టేషనుకు రమ్మన్నారు. కూతురికి కుదిరిన సంబంధంవాళ్లు మాటామంతీ లేకుండా తప్పుకున్నారు. చివరికి, చదువుకున్నదాన్ని కదా అని నన్ను వెంటబెట్టుకుని, ఆనాడు మెడలో దండ వేయించిన పోలీసు అధికారి దగ్గరికి మామ వెళ్లాడు.

"సారూ, నేను గట్లాంటోణ్ణి కాదని ఒక్క కాయితం రాసియ్యండి. బిడ్డ పెండ్లి ఆగిపోయింది," అన్నాడు చేతులు కట్టుకుని.

ఆయన టీ తాగుతూ నవ్వాడు. "లొంగిపోయినోడివి లొంగిపోయినట్టు ఉండు. నువ్వు కాదంటే నాకిచ్చిన మెడల్ ఏం గావాలె?"

కొట్టినా ఇంత అసహ్యం కలిగేది కాదేమో. ఆ నవ్వు గుర్తొస్తే ఈ వయసులోనూ ఒంటి మీద ఏదో పాకినట్టుంటుంది.

ఆ ఏడే చేను అమ్మేసి, కూతుర్ని ఆ పేపరు చేరని దూరపు ఊరికిచ్చి, మామ సారపాకలో వెదురు లారీల దగ్గర కూలికి చేరాడు. అక్కడి కిరాయి గదిలోనే పోయాడు.

ఇప్పుడు ఆ దారిన నల్లటి రోడ్డు పడింది, బస్సులు తిరుగుతున్నాయి, స్టేషను ముందు పూలమొక్కలు పెంచుతున్నారు. జీపు ఆగితే అప్పటిలాగా ఈనాటి పిల్లలు ఇళ్లలోకి పరుగెత్తరు, అందుకు సంతోషమే. ఈమధ్య ఆ ఊరు వెళ్లి, మామ చేను ఎటువైపో ఆనవాలు దొరక్క, వాకిలి ఊడుస్తున్న ఒక కోడలు పిల్లను మామ పేరు చెప్పి అడిగాను. ఆమెకు తెలియలేదు. లోపలున్న ఆమె అత్తగారు వచ్చి, "ఓ, గా లొంగిపోయినాయన చేనా?" అంటూ చెయ్యి చూపించింది.