వేలు

ఆదివారం మాంసం కొట్టు కట్టేశాక, గోళ్లలో నెత్తురు కడుక్కుని, కసాయి తన బావమరిదితో ఆటకు కూర్చుంటాడు. పాచికలు వేస్తూ నోటితో కథ నడిపే ఆట అది. అందులో అతను దరిద్రవ్రతం పట్టిన మాంత్రికుడు. చిల్లిగవ్వ కూడా ముట్టడు. పాచిక పడిందంటే మాత్రం ఒక్క మంత్రంతో బందిపోట్ల పుర్రెలు చిట్లిస్తాడు, పేగులు తీసి చెట్లకు చుడతాడు, ఎముక విరిగిన చప్పుడు నోటితో చేసి మరీ వినిపిస్తాడు. ఆవేళ ఆటలో చచ్చిన బందిపోటు వేలికి ఉంగరం బిగుసుకుపోయింది. "బంగారం ముట్టకూడదనేగా నీ వ్రతం? వేలు నువ్వు నరుకు బావా, ఉంగరం నేను తీసుకుంటా," అన్నాడు బావమరిది నవ్వుతూ. కసాయి అతని మణికట్టు పట్టుకుని, పాచికలు నేల రాలేదాకా నొక్కాడు. "చంపాను, చాలు. వేలు వాడికుండనీరా." వదిలాక చూస్తే మణికట్టు మీద నాలుగు వేళ్ల అచ్చులే ఉన్నాయి. కసాయి ఐదో వేలు ఎప్పుడో కొట్లో మాంసం నరికే మొద్దు మీదే పోయింది.